జాషువాకు దండలు, పల్నాడుకు సున్నా రిజర్వుడ్ సీట్లు: ఎన్నికల వేళ అకాడమీ అవార్డు రాజకీయం

2018 డిసెంబర్ 5. తెలంగాణ శాసనసభ ఎన్నికల ప్రచారం ఆ సాయంత్రం 5 గంటలకు ముగిసింది. పోలింగ్ 7వ తేదీన. మైకులు మూగబోయిన ఆ రోజే ఢిల్లీలో కేంద్ర సాహిత్య అకాడమీ ఆ ఏటి అవార్డులు ప్రకటించింది. తెలుగులో ఆచార్య కొలకలూరి ఇనాక్ రాసిన 'విమర్శిని' వ్యాస సంపుటికి అవార్డు దక్కింది. ఉమ్మడి గుంటూరు జిల్లా వేజండ్లలో పుట్టి, తెలుగు ఆచార్యుడై, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయిన దళిత రచయిత ఆయన. ఊరి మంచినీళ్ల బావి ఎవరిది అని 'ఊరబావి' కథలో అడిగిన మనిషి. మరో నాలుగు నెలలకు, 2019 ఏప్రిల్ 11న, ఆయన పుట్టిన రాష్ట్రంలోనూ ఓట్లు పడ్డాయి.

ఆ అవార్డు ఎన్నికల కోసం ఇచ్చారని ఎవరూ అనలేదు. ఈ వ్యాసం కూడా అనడం లేదు. అకాడమీ సాధారణంగా దాదాపు ఆ రోజుల్లోనే జాబితా ప్రకటిస్తూ వచ్చింది. ముగ్గురు సభ్యుల జ్యూరీ ఎంపిక చేస్తుంది, కార్యవర్గం ఆమోదిస్తుంది. అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. దళితుడికి దేశంలోని పెద్ద సాహిత్య పురస్కారాల్లో ఒకటి వచ్చిన వేళ ఊళ్లో ఓట్ల పండుగ జరుగుతుంటే, ఆ పురస్కారం రాజకీయంగా ఎవరికి పనికొస్తుంది? వాడకు ఏం మిగులుతుంది? పల్నాడు నుంచి చూస్తే ఈ ప్రశ్న మరీ పదునెక్కుతుంది. ఎందుకంటే తెలుగులో ఇలాంటి గౌరవాలన్నిటికీ మొదటి చిరునామా వినుకొండ.

నియమావళి ఏమంటుందో ముందు చూద్దాం. షెడ్యూలు విడుదలైన నిమిషం నుంచి మోడల్ కోడ్ అమల్లోకి వస్తుంది. మంత్రులు కొత్త పథకాలు, నిధులు ప్రకటించకూడదు, శంకుస్థాపనలు చేయకూడదు. ప్రభుత్వ సొమ్ముతో పార్టీకి ప్రచారం చేసుకోకూడదు. అకాడమీ 1954లో ఏర్పడిన స్వయంప్రతిపత్తి సంస్థ. డబ్బు కేంద్ర సాంస్కృతిక శాఖది, నిర్ణయం రచయితలది అన్నది దాని మూల సూత్రం. కాబట్టి పోలింగుకు రెండు రోజుల ముందు అవార్డు ప్రకటించినా కోడ్ అడ్డు రాదు. అవార్డు గ్రహీతకు వేదిక మీద ఓ పార్టీ నాయకుడు శాలువా కప్పి, ఆ ఫొటోను ప్రచారంలో వాడుకుంటేనే అది ఎన్నికల వ్యవహారం అవుతుంది. అంటే అవార్డు పుట్టుకలో ఉండని రాజకీయం దాని వాడకంలో ఉంటుంది. మనం చూడాల్సింది ఆ వాడకాన్నే.

ఇనాక్ గారి విషయంలోనే మరో తేదీ ఉంది. 2014 జనవరిలో, రిపబ్లిక్ డే ముందురోజు వచ్చిన పద్మ పురస్కారాల జాబితాలో సాహిత్యం, విద్య విభాగంలో ఆయన పేరుంది. అది కూడా ఎన్నికల ఏడాదే. ఫిబ్రవరిలో రాష్ట్ర విభజన బిల్లు పార్లమెంటు దాటింది, మార్చి 5న ఎన్నికల షెడ్యూలు వచ్చింది. ఏప్రిల్ 22న, తెలంగాణలో పోలింగుకు ఎనిమిది రోజుల ముందు, సీమాంధ్రలో పోలింగుకు పదిహేను రోజుల ముందు, హైకోర్టు చుండూరు కేసులో నిందితులందరినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపిన కేసు అది. చుండూరు గడ్డ మీదే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. ఆ శిక్షలన్నీ ఒక్క తీర్పుతో ఎగిరిపోయాయి.

వేజండ్ల, చుండూరు రెండూ తెనాలి చుట్టుపక్కల ఊళ్లే. పద్మశ్రీ ఇచ్చింది కేంద్ర ప్రభుత్వం, తీర్పు చెప్పింది న్యాయస్థానం. ఒకదానికీ ఇంకొకదానికీ సంబంధం లేదు, లేని సంబంధాన్ని అంటగట్టాల్సిన పని మనకు లేదు. కానీ ఒకే ఎన్నికల కాలంలో ఒకే ప్రాంతపు దళితులకు ఈ రెండూ అందాయి. ఓట్లడిగే వేదిక మీద చెప్పుకోవడానికి ఇబ్బంది లేనిది ఏది, మాట్లాడితే అగ్రకులాల ఓట్లు కదిలిపోతాయని భయపెట్టేది ఏది? దళితుడికి వచ్చిన అవార్డు ఎవరి భూమినీ అడగదు, ఎవరినీ జైలుకు పంపదు. అందుకే పార్టీలకు అది చాలా సుఖమైన విషయం.

వినుకొండ నుంచి మండలి దాకా

గుర్రం జాషువా 1895 సెప్టెంబర్ 28న వినుకొండలో పుట్టారు. తండ్రి వీరయ్య యాదవుడు, తల్లి లింగమ్మ మాదిగ. బడిపంతులుగా, మూకీ సినిమాలకు కథ చెప్పేవాడిగా, గుంటూరు లూథరన్ చర్చి ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో అధ్యాపకుడిగా, యుద్ధకాలంలో ప్రచారకుడిగా, మద్రాసు రేడియోలో ఉద్యోగిగా బతికారు. పద్యం రాస్తే ముక్కున వేలేసుకున్న పండితులే కులం తెలియగానే లేచి వెళ్లిన అనుభవాలు ఆయనకు కొత్త కాదు. 1941లో 'గబ్బిలం' వచ్చింది. గుడిలోకి మనిషిని రానివ్వరు గానీ గబ్బిలాన్ని ఆపలేరు కదా అన్న ఒక్క ఊహ మీద కావ్యం మొత్తం నిలబడింది.

కానీ 1964లో అకాడమీ అవార్డు ఇచ్చింది 'గబ్బిలం'కు కాదు, 'క్రీస్తు చరిత్ర'కు. అకాడమీ నిబంధనల ప్రకారం ఇటీవలి సంవత్సరాల్లో అచ్చయిన పుస్తకాలనే చూస్తారు కాబట్టి అప్పటికి ఇరవై మూడేళ్ల నాటి 'గబ్బిలం' లెక్కలోకి రాదు. సాంకేతికంగా అంతే. రాజకీయంగా ఫలితం మాత్రం వేరు. తంజావూరు అరుంధతీ సుతుడి ఆకలిని చెప్పిన పుస్తకం పక్కన ఉండిపోయి, ఎవరికీ నొప్పి కలిగించని పుస్తకం ఫలకం మీదికెక్కింది. ఈ మాట 'క్రీస్తు చరిత్ర'ను తక్కువ చేయడానికి కాదు. అది మంచి కావ్యం. పురస్కారం దేన్ని గుర్తుపెట్టుకుంటుందో, దేన్ని దాటేస్తుందో గమనించమనే.

అదే 1964లో ఆయన శాసనమండలికి నామినేట్ అయ్యారు. కాలాన్ని ఒకసారి చూడండి. దేశంలో మొదటి దళిత ముఖ్యమంత్రి దామోదరం సంజీవయ్య 1960 జనవరి నుంచి 1962 మార్చి దాకా పదవిలో ఉన్నారు. 1962 ఎన్నికల తర్వాత ఆ కుర్చీలోకి నీలం సంజీవరెడ్డి వచ్చారు. 1964 ఫిబ్రవరి చివర్లో నరసరావుపేట ప్రాంతానికి చెందిన కాసు బ్రహ్మానందరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. పల్నాడు మనిషి ముఖ్యమంత్రి కుర్చీలో, పల్నాడు కవి పెద్దల సభలో. పైకి చూడ్డానికి బాగుంది. ఒకరు ఓట్లతో వచ్చారు, ఒకరు నామినేషన్‌తో వచ్చారు. ఆ తేడా గుర్తుంచుకుంటే తర్వాతి అరవై ఏళ్లు అర్థమవుతాయి.

రాజ్యాంగం 171వ అధికరణం ప్రకారం మండలిలో కొందరిని గవర్నర్ నామినేట్ చేస్తారు. సాహిత్యం, శాస్త్రం, కళ, సహకార ఉద్యమం, సామాజిక సేవ రంగాల్లో అనుభవం ఉండాలి. గవర్నర్ పేరుతో జరిగినా సలహా మంత్రివర్గానిదే. ఆ సభ్యుడి వెనక ఏ ఊరి ఓటరూ ఉండడు. ప్రభుత్వానికి నచ్చనిది మాట్లాడితే మళ్లీ గెలిపించే జనం లేరు, నచ్చింది మాట్లాడితే అడిగే జనమూ లేరు.

జాషువా తర్వాత ఈ దారిలో మరికొందరు నడిచారు. 'గుడిసెలు కాలిపోతున్నాయి'కి 1975 అకాడమీ అవార్డు అందుకున్న బోయి భీమన్న తర్వాత మండలి సభ్యులయ్యారు. పాలమూరు వాగ్గేయకారుడు గోరటి వెంకన్నను 2020 నవంబర్‌లో తెలంగాణ ప్రభుత్వం మండలికి నామినేట్ చేసింది. దుబ్బాక ఉప ఎన్నిక ఫలితం అప్పుడే వచ్చింది, హైదరాబాద్ కార్పొరేషన్ ఎన్నికలు డిసెంబర్ 1న. ఏడాది తర్వాత 'వల్లంకి తాళం'కు అకాడమీ అవార్డు వచ్చింది. ఈ కవుల ప్రతిభను శంకించేవాడు తెలుగు చదవనివాడే అయి ఉంటాడు. ప్రశ్న వాళ్ల గురించి కాదు. గొంతున్న మనిషిని అసెంబ్లీ టికెట్ ఇచ్చి ప్రజల దగ్గరకు పంపడానికి పార్టీలు వెనకాడతాయి, మండలికి పంపడానికి మాత్రం ముందుకొస్తాయి. ఎందుకని?

జాషువాకు 1970లో పద్మభూషణ్, అదే ఏడాది ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ వచ్చాయి. 1971 జూలై 24న గుంటూరులో కన్నుమూశారు. గౌరవాలన్నీ చివరి ఏడేళ్లలోనే వరుసకట్టాయి.

ఏడు సీట్లు, ఏడూ జనరల్

ఇప్పుడు పల్నాడు మ్యాపు తీయండి. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా జిల్లా ఏర్పడింది. నరసరావుపేట లోక్‌సభ స్థానం కింద ఉన్న ఏడు అసెంబ్లీ నియోజకవర్గాలే ఈ జిల్లా: పెదకూరపాడు, చిలకలూరిపేట, నరసరావుపేట, సత్తెనపల్లి, వినుకొండ, గురజాల, మాచర్ల. ఏడింటిలో ఒక్కటి కూడా ఎస్సీ రిజర్వుడ్ కాదు. లోక్‌సభ స్థానం కూడా జనరలే. రాష్ట్రంలో 175 సీట్లలో 29 ఎస్సీలకు కేటాయించారు. ఉమ్మడి గుంటూరు జిల్లా వాటాకు వచ్చిన తాడికొండ, ప్రత్తిపాడు, వేమూరు మూడూ పల్నాటి బయటే ఉన్నాయి. జిల్లాల విభజన తర్వాత తాడికొండ, ప్రత్తిపాడు గుంటూరు జిల్లాలో, వేమూరు బాపట్ల జిల్లాలో కలిశాయి. పల్నాడుకు మిగిలింది సున్నా.

జాషువా పుట్టిన వినుకొండ నుంచి రిజర్వేషన్ ప్రకారం ఒక దళితుడు అసెంబ్లీకి వెళ్లే దారి ఈరోజు లేదు. జనరల్ సీట్లో దళితుడికి టికెట్ ఇవ్వకూడదని చట్టమేమీ లేదు. కానీ నాగార్జునసాగర్ కుడి కాలువ నీళ్లు ఎవరి పొలాల్లో పారాయో, మాచర్ల, గురజాల రాజకీయం ఎవరి ఇళ్ల చుట్టూ తిరుగుతుందో తెలిసినవాళ్లకు ఆ టికెట్ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. (సాగర్ మీద జాషువా 1966లో ఓ కావ్యమే రాశారు. ఆ డ్యామ్ కుడివైపు గట్టు మాచర్ల మండలంలోనే ఉంది.)

ఇక్కడే పురస్కారం పని మొదలవుతుంది. సీటు ఇవ్వలేని చోట విగ్రహం ఉంటుంది, జయంతి ఉంటుంది. సెప్టెంబర్ 28న అన్ని పార్టీల కండువాలూ ఒకే విగ్రహం దగ్గరకు వస్తాయి. పద్యం తప్పుల్లేకుండా చదివినవాడికి చప్పట్లు. ఎన్నికల సభలో జాషువా పేరెత్తితే దళితవాడకు నమస్కారం పెట్టినట్టే లెక్క. తల్లి మాదిగ కాబట్టి మావాడని ఒకరు, కవుల్లో మాకు పెద్దదిక్కని ఇంకొకరు, విశ్వనరుడు కాబట్టి ఎవరివాడూ కాదని మరొకరు. వర్గీకరణ చర్చ వేడెక్కిన ఈ రోజుల్లో ఈ గుంజులాట ఇంకా పెరిగింది. ఆయన కులాన్ని తేల్చడంలో చూపే పట్టుదల ఆయన పేరున్న నేలలో సీటు అడగడంలో చూపితే బాగుండేది.

ఇంకో మెలిక ఉంది, విద్యార్థులు దీన్ని జాగ్రత్తగా గమనించాలి. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాలు కాక వేరే మతాన్ని అవలంబించే వ్యక్తి షెడ్యూల్డ్ కులస్తుడు కాడు. మొదట హిందువులకే ఉన్న ఈ హోదా 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది. క్రైస్తవులకు ఇప్పటికీ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో వాళ్లు బీసీ-సి గ్రూపులో, ఒక్క శాతం వాటాలో ఉన్నారు. 2025లో రాష్ట్ర హైకోర్టు, క్రైస్తవం తీసుకున్నవారికి అట్రాసిటీ చట్టం రక్షణ వర్తించదని చెప్పింది. 2023 మార్చిలో రాష్ట్ర అసెంబ్లీ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానం చేసి పంపింది. అది ఎక్కడుందో అడిగే గొంతు ఎన్నికల్లో పెద్దగా వినపడలేదు.

ఈ రెండూ కలిపి చదవండి. క్రీస్తు జీవితాన్ని కావ్యంగా రాసినందుకు దేశపు అకాడమీ ఒక దళితుడికి అవార్డు ఇచ్చింది. ఆ క్రీస్తునే నమ్ముతున్నానని కాగితం మీద రాసిన మరో దళితుడు రిజర్వుడ్ సీట్లో నామినేషన్ వేస్తే రిటర్నింగ్ అధికారి తిరస్కరించవచ్చు. పల్నాడు పల్లెల్లో ఎన్ని మాదిగపల్లెల్లో, మాలపల్లెల్లో చర్చి ఉందో ఈ ప్రాంతం వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆదివారం ఒక పేరు, సర్టిఫికెట్ మీద ఇంకో పేరు పెట్టుకుని బతకాల్సిన స్థితి అది.

తిరిగిచ్చే హక్కు

అవార్డు తీసుకున్న మనిషి ఎన్నికల వేళ మాట్లాడితే ఏమవుతుంది? 2015 దీనికి సమాధానం చెప్పింది. ఆగస్టు 30న కన్నడ పండితుడు, అకాడమీ అవార్డు గ్రహీత ఎం.ఎం. కల్బుర్గిని కాల్చి చంపారు. సెప్టెంబర్ 28న దాద్రిలో గొడ్డు మాంసం పేరుతో ఒక ముస్లింని కొట్టి చంపారు. అక్టోబర్ 12 నుంచి నవంబర్ 5 దాకా బీహార్‌లో పోలింగ్. ఆ వారాల్లోనే దేశమంతటా రచయితలు వరుసగా అకాడమీ అవార్డులు తిరిగిచ్చారు. తెలుగులో వరంగల్‌కు చెందిన కాత్యాయనీ విద్మహే తన అవార్డు వాపసు చేశారు. కేంద్ర మంత్రి అరుణ్ జైట్లీ దీన్ని తయారుచేసిన తిరుగుబాటుగా కొట్టిపారేశారు. బీహార్ ఎన్నికల కోసమే ఈ నాటకం అని పాలకపక్షం చెప్పింది. అక్టోబర్ 23న అకాడమీ కార్యవర్గం కల్బుర్గి హత్యను ఖండిస్తూ తీర్మానం చేసింది. అవార్డులు వెనక్కి రాకపోతే ఆ తీర్మానం వచ్చేదా అన్నది ఎవరికి వారు తేల్చుకోవచ్చు.

అవార్డు ఇచ్చేటప్పుడు ఎన్నికలతో సంబంధం లేదన్నవాళ్లే, తిరిగిచ్చేటప్పుడు ఎన్నికల కోసమే అన్నారు. ఇదొక్కటి అర్థమైతే అవార్డుల రాజకీయం సగం తెలిసినట్టే. ఇచ్చే చేతిని ఎవరూ అనుమానించకూడదు, తిప్పికొట్టే చేతిని మాత్రం అనుమానించాలి.

తర్వాత 2023 జూలైలో పార్లమెంటు స్థాయీ సంఘం ఒక సిఫారసు చేసింది. అవార్డు ఇచ్చే ముందే గ్రహీత సమ్మతి తీసుకోవాలి, రాజకీయ కారణాలతో తిరిగివ్వనని హామీ తీసుకోవాలి అని. రవాణా, పర్యాటకం, సంస్కృతి వ్యవహారాల ఆ సంఘానికి అప్పటి అధ్యక్షుడు మన రాష్ట్రానికి చెందిన అప్పటి రాజ్యసభ సభ్యుడు వి. విజయసాయిరెడ్డి. అప్పుడు ఆయన కేంద్రంలో అధికార పార్టీ కాదు, ప్రాంతీయ పార్టీ నాయకుడు. రచయిత నోరు విషయానికి వచ్చేసరికి ఢిల్లీ పార్టీకీ గల్లీ పార్టీకీ తేడా ఎంత పలచనో ఇది చెబుతుంది. దళిత రచయితకు ఇది మరింత బరువు. జీవితమంతా వెలికి గురైన మనిషికి చివరికి ఒక గౌరవం ఇచ్చి, దానితో పాటు నోరు మూసుకుంటానన్న కాగితం మీద సంతకం అడగడం అది.

ఇది మన దగ్గరే కాదు. 2019 అక్టోబర్ 14న అభిజిత్ బెనర్జీకి, ఎస్తర్ డఫ్లో, మైఖేల్ క్రెమర్‌లతో కలిపి ఆర్థికశాస్త్ర నోబెల్ ప్రకటించారు. మహారాష్ట్ర, హర్యానా పోలింగుకు సరిగ్గా వారం ముందు. అదే ఏడాది లోక్‌సభ ఎన్నికల్లో కాంగ్రెస్ చెప్పిన 'న్యాయ్' పథకానికి ఆయన సలహా ఇచ్చారు. కేంద్రమంత్రి పీయూష్ గోయల్ అభినందిస్తూనే, ఆయనది వామపక్ష ఆలోచన అనీ, దాన్ని దేశ ప్రజలు తిరస్కరించారనీ అన్నారు. పేదరికం మీద చేసిన పరిశోధనకు ఓట్ల లెక్కతో జవాబు. బెనర్జీ లాంటి ప్రొఫెసర్ దాన్ని తట్టుకోగలడు. ఆయన వెనక విదేశీ విశ్వవిద్యాలయం ఉంది, పేరుంది. నాగార్జున విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేస్తూ ఫెలోషిప్ మీద బతికే మాచర్ల కుర్రాడు అదే మాట అంటే ఏమవుతుందో ఊహించుకోండి.

ఓటు వేసే చోట

పల్నాడులో ఎన్నికంటే పోలింగ్ బూత్ దాకా క్షేమంగా వెళ్లి రావడం. 2024 మే 13న మాచర్ల నియోజకవర్గం పాల్వాయి గేటు పోలింగ్ కేంద్రంలో ఈవీఎంను నేలకేసి కొట్టిన వీడియోను దేశమంతా చూసింది. మూడు రోజులకు ఎన్నికల సంఘం పల్నాడు కలెక్టర్‌ను బదిలీ చేసింది, ఎస్పీని సస్పెండ్ చేసింది. అంతకు ముందు, 2019 ఎన్నికలు ముగిశాక, దుర్గి మండలం ఆత్మకూరు దళిత కుటుంబాలు ఊరు విడిచి గుంటూరులో శిబిరంలో ఉన్నాయి. సెప్టెంబర్ 11న 'చలో ఆత్మకూరు' పిలుపు, పోటీ పిలుపు, 144 సెక్షన్, గృహ నిర్బంధాలు. బాధితులు ఎంతమంది, ఎవరి వల్ల అని రెండు పార్టీలూ ఎవరి లెక్క వాళ్లు చెప్పాయి. ఊరు విడిచినవాళ్ల పేరు మీద జరిగిన ఆ పోటీలో వాళ్లు ఏ పార్టీకి ఓటేశారన్నదే చర్చ అయింది. వాళ్ల ఇల్లు, పొలం, కూలి పక్కకు పోయాయి.

ఇలాంటి నేల మీద ఎవరైనా జాషువా పద్యం ఎత్తుకుంటే, ఆయనకు వచ్చిన పురస్కారాలు ఏకరువు పెడితే, వెంటనే అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఏడు సీట్లలో మీ పార్టీ దళితుడికి ఇచ్చినవెన్ని? జిల్లాలో అట్రాసిటీ కేసుల్లో శిక్ష దాకా వెళ్లినవెన్ని, రాజీ కుదిర్చినవెన్ని, కుదిర్చినవాళ్లు ఎవరు? 2023 అసెంబ్లీ తీర్మానం మీద మీ వైఖరేంటి? అవార్డు తిరిగివ్వననే హామీ పత్రాన్ని మీ ఎంపీ సమర్థిస్తాడా? సమాచార హక్కు దరఖాస్తు పెట్టి మొదటి రెండింటికి అంకెలు తెచ్చుకోవచ్చు. మిగతా రెండూ సభలోనే, మైకు ముందే అడగాలి.

సీట్ల ప్రశ్నకు సమయం దగ్గరపడింది కూడా. 2026 తర్వాత జరిగే మొదటి జనగణన అంకెలు వచ్చేదాకా నియోజకవర్గాల పునర్విభజనను రాజ్యాంగం ఆపి ఉంచింది. ఆ జనగణన 2027లో. తర్వాత కొత్త కమిషన్ వస్తుంది. కిందటిసారి అనుసరించిన 2002 నాటి చట్టం ప్రకారం ఎస్సీ సీట్లను రాష్ట్రంలో వేర్వేరు ప్రాంతాలకు పంచాలి, వీలైనంతవరకు ఎస్సీల నిష్పత్తి ఎక్కువున్న చోట పెట్టాలి. కమిషన్ ముసాయిదాను ప్రచురించి, అభ్యంతరాలు తీసుకుని, బహిరంగ విచారణ జరపాలి. అనుబంధ సభ్యులుగా కూర్చునేది ఎంపీలు, ఎమ్మెల్యేలే. పల్నాడు ఎమ్మెల్యేల్లో రిజర్వుడ్ సీటు నుంచి వచ్చినవారు ఎవరూ లేరు కాబట్టి, ఈ జిల్లాకు ఒక ఎస్సీ సీటు కావాలన్న మాట లోపల నుంచి పుట్టే అవకాశం తక్కువ. బయట నుంచి, మండలాల వారీ జనాభా అంకెలతో, రాతపూర్వకంగా, గడువులోపల వెళ్లాలి. వినుకొండ, ఈపూరు, బొల్లాపల్లి, దుర్గి, వెల్దుర్తి, కారంపూడి: ఒక్కో మండలానికి ఇద్దరు విద్యార్థులు కూర్చుంటే 2011 జనగణన గ్రామ పట్టికలతో ఇప్పుడే ఆ పని మొదలుపెట్టవచ్చు.